‘ఏడుపొస్తే ఇంట్లో కూర్చో’ అన్నారు... నేను ఈ ఉద్యోగానికి పనికిరానా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 29. జీఎన్ఎం (నర్సింగ్) చదివి అయిదేళ్లుగా అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా, చేస్తున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఆరు నెలల కిందట ఒక రాత్రి హైవే మీద బైకును లారీ గుద్దిన కేసుకు వెళ్లాం. తండ్రి అక్కడే పోయాడు. ఆరేడేళ్ల పాపకు ఏరియా ఆసుపత్రి దాకా ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేస్తూనే ఉన్నాను. దక్కలేదు. ఇంకో రెండు నిమిషాలు ముందు వెళ్లుంటే అని అనిపిస్తూనే ఉంటుంది. పాపకు రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మా అమ్మాయిదీ అదే వయసు. అప్పట్నుంచి దానికి జడ వేయలేకపోతున్నాను, దువ్వెన పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఇప్పుడు మా అత్తగారే వేస్తున్నారు. నిద్ర లేదు. పడితే అదే కల. వెనక లారీ హారన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. ఆ రోడ్డు మీదికి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్తున్నాను. మెడికల్ షాపులో అల్ప్రాజోలం అనే మత్తు మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నాను.

ఆ రాత్రి ఆసుపత్రి వెనక్కి వెళ్లి ఏడ్చాను. మా పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) చూశాడు. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో ‘మేడమ్ డ్యూటీకి టిష్యూ పేపర్లు ఇండెంట్ పెట్టండి’ అని జోకులు. ఆ పైలట్ మాత్రం డ్యూటీ దిగి బెల్టు షాపుకు పోకుండా ఇల్లు చేరడు. సూపర్‌వైజర్ ‘ఏడుపొస్తే ఇంట్లో కూర్చో’ అన్నారు. తర్వాత అర్ధరాత్రి మెసేజ్‌లు మొదలుపెట్టారు. ‘నిద్ర పట్టట్లేదటగా, నాకూ పట్టట్లేదు’, ‘నైట్ డ్యూటీకి తోడుగా ఎవర్ని వేయమంటావో నువ్వే చెప్పు’. అలా రాయొద్దు సార్ అన్నాను. వారం తిరక్కుండా, ఎక్కువగా డెలివరీ కేసులే వచ్చే మారుమూల బేస్‌కు (అంబులెన్స్ నిలిపి ఉంచే చోటు) మార్చేశారు. ‘ట్రామా కేసులు (పెద్ద దెబ్బలు తగిలిన కేసులు) ఆడవాళ్ల వల్ల కావు’ అని అందరి ముందూ అన్నారు. చివరి మెసేజ్ వచ్చి రెండు నెలలు దాటింది. నిజం చెప్పొద్దూ, ట్రామా కేసులు తప్పినందుకు లోపల హాయిగా అనిపించింది. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

మా ఆయన ఉద్యోగం మానేయమంటున్నారు. మీ జవాబు ఆయన కూడా చదువుతారు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చిదన్న ముద్ర పడుతుందేమో. ఫిర్యాదు చేస్తే కాంట్రాక్టు పోతుందేమో. అయినా వేధింపుల ఫిర్యాదులు వినే ఆ కమిటీలూ అవీ సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లకే కదా. ఆ పాప తల్లిని ఒకసారి వెళ్లి కలవాలని కూడా ఉంది. ఏం చేయను?
— పేరు వద్దు, కోస్తా జిల్లా

సమాధానం:

అన్నిటికంటే ముందు తేదీల సంగతి చూద్దాం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013 ప్రకారం చివరి ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచవచ్చు. మీ ఆరోగ్యం తగిన కారణమే, కానీ పెంచుతారన్న ధీమాతో కూర్చోకండి. ఆ మెసేజ్‌లను తేదీ, సమయం కనిపించేలా ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసి, ఇంకొకరి ఫోన్‌కో మెయిల్‌కో పంపి ఉంచండి. గ్రూపులో వచ్చిన జోకులూ వదలొద్దు. బదిలీ ఆర్డరు కాగితం మీద ఇచ్చి ఉంటే అది కూడా. ఆ పని అయ్యాక మిగతాది తీరిగ్గా చదవండి.

‘పనికిరానా’ అని అడిగారు. నేను చాలా ఏళ్లు క్యాజువాలిటీలో నర్సుగా చేసి, ఆ తర్వాతే ఈ కౌన్సెలింగ్‌లోకి వచ్చాను. కాబట్టి మీకు తెలిసిన విషయమే మీకు గుర్తుచేస్తాను. పెద్ద దెబ్బలు తగిలి, రక్తం పోయి ఆగిన గుండె రోడ్డు మీద చేసే సీపీఆర్‌తో మళ్లీ కొట్టుకోవడం చాలా అరుదు. లోపల రక్తం లేనప్పుడు చేతులు ఎంత బాగా నొక్కినా పంపడానికి ఏమీ ఉండదు. ఇది మీ పుస్తకాల్లోనే ఉంది. వేరే ఈఎంటీకి ఇలా జరిగితే మీరే ఈ మాట చెప్పి ధైర్యం చెబుతారు. మీ విషయానికొచ్చేసరికి మాత్రం ‘ఇంకో రెండు నిమిషాలు ముందు వెళ్లుంటే’ అని లెక్కలు వేసుకుంటున్నారు. అలా లెక్కలు వేయించడం కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

జబ్బు అని కావాలనే అన్నాను. పీడకలలు, ఉలికిపాటు, ఆ రోడ్డు తప్పించుకోవడం, తప్పంతా నాదే అనుకోవడం... ఇవి నెల దాటి సాగితే పీటీఎస్‌డీ (భయంకర ఘటన తర్వాత మనసును పట్టి వదలని జబ్బు) ఉందేమోనని డాక్టర్లు చూస్తారు. మీకు ఆరు నెలలైంది. ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేసే హక్కు నాకు లేదు, అది సైకియాట్రిస్టు చూసి చెప్పాలి. అయితే ఒక సంగతి మీ పైలట్‌కు కూడా తెలియాలి. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన జబ్బుల పట్టిక డీఎస్ఎం-5లో, ఉద్యోగ ధర్మంగా ఇలాంటి దృశ్యాలను పదే పదే ఎదుర్కొనేవాళ్లకూ పీటీఎస్‌డీ రావచ్చని రాశారు. ప్రమాద స్థలాల్లో శరీర భాగాలు ఏరేవాళ్లను ఉదాహరణగా చూపించారు. అక్కడ ఆడా మగా అని లేదు.

మగవాళ్లకు ఈ దెబ్బ తగలదని కాదు. తగిలినా మనకు కనిపించే చోట తగలదు, అంతే. మీరు ఆసుపత్రి వెనక పది నిమిషాలు ఏడ్చి మళ్లీ బండెక్కారు. అతను రోజూ బెల్టు షాపులో కూర్చుంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది బయటపడే దారో, ఎవరిది ఇరుక్కునే దారో మీకే అర్థమవుతుంది. కానీ ఊళ్లో అతని తాగుడు మగతనం, మీ ఏడుపు ఆడతనం. అతని మీద నాకు జాలి లేకపోలేదు. ఆ రాత్రి బండి నడిపింది అతనే, అద్దంలోంచి వెనక్కి చూస్తూ. తన భయాన్ని మీ పేరు మీద రాసి నవ్వేసుకుంటున్నాడేమో అని కూడా అనిపిస్తుంది. అంతమాత్రాన ఆ నవ్వు మీరు భరించాలని కాదు.

జడ సంగతి. మామూలు జ్ఞాపకానికి తేదీ ఉంటుంది, అది అయిపోయిందని మనసుకు తెలుసు. ఇలాంటి రాత్రి అలా దాఖలు కాదు. రిబ్బను రంగు, డీజిల్ వాసన, హారన్ అన్నట్టు ముక్కలుగా మిగిలిపోతుంది. ఆ ముక్కల్లో ఏది తగిలినా ఒంటికి అది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. అందుకే దువ్వెన పట్టగానే చేతులు వణుకుతున్నాయి. దాన్నుంచి తప్పించుకున్న ప్రతిసారీ ఆ క్షణానికి ప్రాణం తెరిపిన పడుతుంది, భయం మాత్రం ఇంకొంచెం బలుస్తుంది. చికిత్స ఈ ముడినే విప్పుతుంది. ట్రామా (ఇక్కడ మనసుకు తగిలిన దెబ్బ) మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరు మార్చే చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స) అనే రెండు పద్ధతులకు మంచి ఆధారాలున్నాయి. శిక్షణ పొందిన థెరపిస్టు దగ్గర సాధారణంగా 8 నుంచి 12 సిటింగులు పడతాయి. ఎక్కువ కేసుల దెబ్బలు మనసులో పేరుకుని ఉంటే ఇంకొన్ని. అవసరమైతే సెర్‌ట్రాలిన్ లాంటి మందు తోడిస్తారు.

అల్ప్రాజోలం అందులో లేదు. అది రాత్రి గడుపుతుందే గానీ ఈ జబ్బును తగ్గించదు, పైగా అలవాటవుతుంది. మీరు నర్సు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. రోజూ వేసుకుంటున్నదాన్ని నా మాట విని రేపట్నుంచి టక్కున మానేయకండి. డాక్టర్ చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి.

ఎక్కడికి వెళ్లాలి? ఇంట్లోంచి కదలకుండా మొదలుపెట్టాలంటే 14416కు చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలిమానస్. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే విశాఖలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లండి. ‘పిచ్చాసుపత్రి’ అన్న మాటకు ఉన్న చెడ్డపేరు సంగతి నాకూ తెలుసు, లోపల ఓపీలో కూర్చునేది మీలాంటి నాలాంటి మనుషులే. మందు రాసి పంపేస్తే ‘ట్రామాకు థెరపీ ఇచ్చేవాళ్లు ఉన్నారా’ అని నోరు తెరిచి అడగండి. ఆ శిక్షణ ఉన్నవాళ్లు మన దగ్గర తక్కువే. దొరక్కపోతే వీడియోలో ఇచ్చేవాళ్లను చూసుకోవచ్చు. ముద్ర భయానికి చట్టంలోనే జవాబుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు అంటుంది. మీ సంస్థకు మీరు చెప్పనిదే డాక్టర్ చెప్పకూడదు. సెలవు కోసం సర్టిఫికెట్ కావాల్సివస్తే, అందులో జబ్బు పేరు ఎంతవరకు రాయాలో డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

థెరపీ మొదలయ్యేలోపు ఇంట్లో చేసుకోదగ్గది ఒకటుంది. అమ్మాయికి జడ వేసేది ఇప్పుడు అత్తగారని రాశారు. ఆమె వేస్తున్నప్పుడు వంటింట్లోకి వెళ్లిపోకుండా పక్కన కూర్చోండి, అంతే. చేయి వేయొద్దు. ఒంట్లో వణుకు పుట్టినా తగ్గేదాకా అక్కడే ఉండగలిగితే ఉండండి, లేకపోతే లేచిపోండి. తర్వాతి మెట్టు థెరపిస్టు చెబుతారు.

ఇప్పుడు నాకు ఎక్కువ మాట్లాడాలనిపించే విషయానికి వస్తాను. ఉత్తరంలో మీరు రెండు కష్టాలు రాశారు, ఒకటి రోడ్డు మీద జరిగింది, ఇంకోటి ఆఫీసులో జరుగుతున్నది. నాకవి రెండుగా కనిపించడం లేదు. ఘటన తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల ఆసరా లేకపోవడం పీటీఎస్‌డీ రావడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటని పరిశోధనలు పదే పదే చెప్పాయి. ఆ రాత్రి మీకు కావాల్సింది పెద్దదేమీ కాదు. ఓ గ్లాసు టీ, తర్వాతి కేసుకు ముందు కాస్త విరామం, ‘నువ్వు చేయగలిగింది చేశావు’ అనే తోటి మనిషి మాట. వాటి బదులు గ్రూపులో జోకులు వచ్చాయి. ఆ తర్వాత ఆ సూపర్‌వైజర్ పెద్దమనిషి మీ నిద్రలేమినే మీ దగ్గరికి రావడానికి తలుపు చేసుకున్నాడు. ‘నిద్ర పట్టట్లేదటగా’ అన్న మెసేజ్‌లో నాకు అన్నిటికంటే నీచంగా తోచింది ఇదే. అందుకే ఇప్పుడు మీకు నిద్ర పట్టకపోతే పాపా గుర్తొస్తుంది, ఆయనా గుర్తొస్తాడు. ఒకటి నయమైతే గానీ ఇంకోటి మొదలుపెట్టను అనుకుంటే రెండూ ఆగిపోతాయి. ఫిర్యాదు తేలేదాకా చికిత్స ఆపకండి, చికిత్స అయ్యేదాకా ఫిర్యాదు ఆపకండి.

ట్రామా కేసులు తప్పాయని హాయిగా అనిపించడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? దెబ్బ తగిలిన చేయికి బరువు తప్పితే హాయిగానే ఉంటుంది. మీకు విరామం అవసరమే. కానీ ఆ విరామం మీరు అడిగితే రావాలి, దానికి ఒక గడువుండాలి, తిరిగి వెళ్లే దారి ఉండాలి. ‘చికిత్స జరుగుతోంది, డాక్టర్ చెప్పినన్ని వారాలు తేలికపాటి డ్యూటీ కావాలి, తర్వాత పాత బేస్‌కు వస్తాను’ అని మీరు రాసి ఇస్తే అది మీ నిర్ణయం. ‘ఆడవాళ్ల వల్ల కాదు’ అని ఆయన తోసేస్తే అది శిక్ష, దానికి గడువు లేదు. పైకి చూస్తే రెండు చోట్లా మీరు అదే బేస్‌లో, అదే డెలివరీ కేసుల మీద ఉంటారు. రేపు కొత్తగా చేరే అమ్మాయికి మాత్రం తేడా తెలుస్తుంది. ఒక కాగితం ఆమెకు విరామం అడిగే దారి చూపిస్తుంది, రెండోది తలుపు మూసేస్తుంది. (మధ్యలో ఒక మాట: డెలివరీ కేసు తేలికన్న వాళ్లెవరూ కదిలే బండిలో పురుడు పోసి ఉండరు.)

చట్టం సాఫ్ట్‌వేర్ వాళ్లకే అన్నారు. అది ఎక్కడ పుట్టిందో చెబుతాను. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో భన్వారీ దేవి అనే ఆవిడ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’ అనే గ్రామ కార్యకర్తగా పనిచేసేది. చేతికొచ్చే జీతం నామమాత్రం. పనిలో భాగంగా ఒక బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది (ఊరి పేరు కాదు, కోర్టుకెళ్లిన సంఘాల్లో ఒకదాని పేరు), దాని మీదే 2013 చట్టం నిలబడింది. డ్యూటీ చేసినందుకు దెబ్బతిన్న ఒక పల్లెటూరి ఆడమనిషి వల్ల వచ్చిన చట్టమది. అద్దాల మేడల వాళ్లు దాన్ని తర్వాత వాడుకున్నారు.

ఆ చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టు, తాత్కాలిక, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు అందరూ. పనిచేసే చోటు అంటే నాలుగు గోడలే కానక్కర్లేదు, పని మీద వెళ్లిన ప్రతి చోటూ, సంస్థ ఇచ్చిన వాహనమూ అందులోకే వస్తాయి. అంటే మీ అంబులెన్సు కూడా. పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. దానికి అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో సగమైనా మహిళలు, బయటి సభ్యులొకరు. కమిటీ లేకపోతేనో, ఫిర్యాదు యజమాని మీదే అయితేనో జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంది, కలెక్టరేట్‌లో అడగండి. కేంద్రం పెట్టిన షీ-బాక్స్ పోర్టల్‌లో కూడా వేయవచ్చు. కమిటీలు చాలాచోట్ల కాగితాల మీదే ఉన్నాయని మీరు అనుమానించడంలో తప్పు లేదు. చట్టం అమలు తీరు విచారకరమని 2023లో సుప్రీంకోర్టే అంది.

మీ ఫిర్యాదులో ఏది బలంగా నిలుస్తుందో నిక్కచ్చిగా చెబుతాను. అర్ధరాత్రి మెసేజ్‌లు, ‘తోడుగా ఎవర్ని వేయమంటావ్’ అన్నది ఈ చట్టం నేరుగా పట్టించుకునే మాటలు. వద్దన్న వారానికే బేస్ మార్చడం కూడా దానికి తోడవుతుంది. లైంగిక వేధింపుతో ముడిపడి ఉద్యోగంలో నష్టం కలిగించడాన్ని చట్టం విడిగా ప్రస్తావించింది. కాబట్టి ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాయండి. ‘ట్రామా కేసులు ఆడవాళ్ల వల్ల కావు’ అన్నది వివక్షే, కానీ ఒక్క ఆ మాటను పట్టుకుని వెళ్తే ఇది లైంగిక వేధింపు కిందికి రాదనే వాదన వస్తుంది. టిష్యూ జోకులకూ అదే ఇబ్బంది. వాటిని నేపథ్యంగా రాయండి. డ్యూటీల విషయంలో హెచ్ఆర్‌కు వేరే లేఖ ఇవ్వండి. అన్నీ కలిపి ఒకే ఫిర్యాదులో కుక్కితే అసలుది పలచబడుతుంది.

విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా ఆయననో మిమ్మల్నో వేరే చోటికి మార్చమని, మూడు నెలల దాకా అదనపు సెలవు ఇవ్వమని మీరు రాతపూర్వకంగా కోరవచ్చు. థెరపీకి ఈ సెలవు చక్కగా పనికొస్తుంది. ఇది మీకున్న మామూలు సెలవుల్లోంచి కోసేది కాదు. ‘ఎందుకమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం’ అనేవాళ్లు తప్పక వస్తారు. రాజీ అనేది మీరు కోరితేనే, డబ్బు మాట లేకుండానే జరగాలని చట్టంలో ఉంది. రుజువు చేయలేకపోతే మీ మీదే కేసు పెడతారని కూడా భయపెడతారు. రుజువు చేయలేకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు అని అదే చట్టం చెబుతోంది. పోలీసుల దగ్గరికి వెళ్లాలనుకుంటే భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపులకు 75వ సెక్షన్ ఉంది. కమిటీకి వెళ్లినా ఆ దారి మూసుకుపోదు.

కాంట్రాక్టు పోదని మాత్రం నేను మాట ఇవ్వలేను. ‘రెన్యువల్ కాలేదు’ అనే మాటతో పగ తీర్చుకోవడం సులువు. అందుకని ఫిర్యాదుకు ముందు రెండు మూడు నెలల ఖర్చు ఎలా అని ఇంట్లో మాట్లాడుకోండి, మీ జీఎన్ఎం రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందో లేదో చూసుకోండి, యూనియన్ ఉంటే అందులో నమ్మదగ్గ ఒక్కరికి చెప్పండి. ఆ సూపర్‌వైజర్ మెసేజ్‌లు మీ ఒక్కరికే వచ్చి ఉంటాయని నేననుకోను. ఇంకో అమ్మాయి ఉంటే ఆమెను బలవంతపెట్టకండి, మీరు ఫిర్యాదు ఇస్తున్నారని మాత్రం తెలియనివ్వండి. మానేయాలా వద్దా అనేది ఇప్పుడు తేల్చకండి. ఆరు నెలలుగా నిద్ర లేని మనిషి రాజీనామా రాయకూడదు. చికిత్స అయ్యాక ఆసుపత్రి వార్డులోకి మారాలనిపిస్తే హాయిగా మారండి. అది ఓటమి కిందికి రాదు.

ఆ తల్లిని కలవాలన్నారు. ఇప్పుడు వద్దు. భర్తనూ బిడ్డనూ పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడితే మీరు ఏడుస్తారు, ఆమె మిమ్మల్ని ఓదార్చాలి. మీకు కావాల్సిన క్షమాపణ బరువు ఆమె మీద పడుతుంది. పైగా ఆ చిరునామా మీకు డ్యూటీ వల్ల తెలిసింది, సొంత పనికి వాడకూడదు. ఆ కోరిక గురించి థెరపిస్టుతో మాట్లాడండి.

ఈ జవాబు మీ ఆయన కూడా చదువుతారని రాశారు కాబట్టి ఆయనకు నాలుగు మాటలు. బాబూ, మీరు ప్రేమతోనే మానేయమంటున్నారు, నాకు తెలుసు. కానీ ‘ఇంట్లో కూర్చో’ అని ఆ సూపర్‌వైజర్ అన్న మాటకూ దీనికీ ఆమె చెవిలో తేడా తెలియడం లేదు. కొన్నాళ్లు ఆ మాట ఎత్తకండి. రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఏమైందని అడగొద్దు, లైటు వేసి మంచినీళ్లు ఇచ్చి, ఇది మన ఇల్లు అని చెప్పండి చాలు. స్క్రీన్‌షాట్లు మీ మెయిల్‌లో దాచండి, కోపంతో ఆ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయకండి, ఫిర్యాదు పాడవుతుంది. మొదటిసారి సైకియాట్రీ ఓపీకి మీరూ వెళ్లండి. చీటీ మీరు రాయించండి, లోపలికి మాత్రం ఆమె రమ్మంటేనే వెళ్లండి.